వాన లేదని గోదారిని నమ్మకు బావా

ఏరా బావా,

నీ మెసేజ్ చూశా. వినాయక చవితి సెలవులకి పిల్లల్ని తీసుకొచ్చి పాపికొండలు చూపించి, కోటిలింగాల రేవులో స్నానం చేయించాలని ఉందన్నావు. వస్తానన్నందుకు ప్రాణం లేచొచ్చింది. కానీ చివర్లో "అక్కడ వానల్లేవుగా, ఎండ బాగానే కాస్తోందిగా" అని రాశావు చూడూ, ఆ ఒక్క ముక్క కోసమే ఇంత ఉత్తరం. ఫోన్లో చెబితే సగం విని "సర్లేరా" అనేస్తావు.

రాజమండ్రిలో ఎండ కాస్తే గోదారికి ఒరిగేదేం లేదురా. దాని కబురు ఎగువ నుంచి రావాలి. నాగపూర్ వైపు దంచి కొడితే ఆ నీళ్లు వార్ధా, వైన్‌గంగల మీదుగా ప్రాణహితలోకి, అక్కణ్ణుంచి కాళేశ్వరం దగ్గర గోదాట్లోకి వస్తాయి. బస్తర్ వానలు ఇంద్రావతి మీద వస్తాయి. ఆ నీరంతా మన దాకా రావడానికి రోజులు పడుతుంది. ఈలోగా ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉంటుంది. జనం బట్టలారేసుకుంటూ ఉంటారు. తెల్లారేసరికి రేవులో నాలుగు మెట్లు మునిగిపోతాయి.

అందుకని బయల్దేరే ముందు వాతావరణం కాదు, భద్రాచలం నీటిమట్టం చూడు. అక్కడ 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. కేంద్ర జలసంఘం రోజూ ఇస్తుంది, టీవీల్లో కూడా వస్తుంది. అంకె ఒక్కటే చూసి ఊరుకోకు, నిన్నటి మీద పెరిగిందా తగ్గిందా చూడు. పెరుగుతున్న 35 కన్నా తగ్గుతున్న 40 నయం. ఇంకోటి, శబరి భద్రాచలం దిగువన కూనవరం దగ్గర కలుస్తుంది. భద్రాచలంలో తగ్గిందని మురిసిపోయే లోపు ఒడిశా వానతో శబరి ఊపందుకుంటే పాపికొండల్లో ఉన్నవాడికి ఆ లెక్క పనికిరాదు. రెండూ చూడాలి.

ఇప్పుడు అసలు మాట చెప్తా, జాగ్రత్తగా విను. రాజమండ్రి దిగువన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి ఇస్తారు. అంటే దాదాపు 10 లక్షల క్యూసెక్కులు (సెకనుకి అన్ని ఘనపుటడుగుల నీరు). ఆ హెచ్చరిక నది మధ్య దీవుల్లా ఉండే లంక గ్రామాల కోసం పెట్టింది. ఇళ్లు మునుగుతాయా, పశువుల్ని గట్టెక్కించాలా అన్నది దాని లెక్క. నీ పడవ షికారు కోసం కాదు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల దారిలో కచ్చులూరు మందం దగ్గర రాయల్ వశిష్ఠ అనే పర్యాటక బోటు మునిగిన రోజు గోదాట్లో ఉన్నది అటూఇటుగా 5 లక్షల క్యూసెక్కులే. అంటే మొదటి హెచ్చరికలో సగం! యాభైమంది దాకా పోయారు. బతికిన 26 మందిలో చాలామందిని పడవలేసుకొచ్చి లాగింది చుట్టుపక్కల గిరిజనులే. బోటుని ధర్మాడి సత్యం బృందం పైకి తీసేసరికి అక్టోబర్ 22 అయింది. హెచ్చరిక లేదు కాబట్టి ఫర్వాలేదు అనే మాట ఎవరన్నా నాకు ఆ రోజే గుర్తొస్తుంది, ఒళ్లు మండుతుంది.

5 లక్షల క్యూసెక్కులంటే సెకనుకి దాదాపు కోటీ నలభై లక్షల లీటర్లు. ఆ నీరే మన రోడ్డు కం రైలు వంతెన కింద కిలోమీటర్ల వెడల్పున పరుచుకుని నిదానంగా పోతున్నట్టు కనిపిస్తుంది. కొండల మధ్య సన్నటి దారిలో దూరినప్పుడు చూడాలి దాన్ని. వెడల్పు తగ్గితే లోతూ వడీ పెరగాల్సిందే. వడి రెట్టింపైతే నీటి తోపు నాలుగింతలవుతుంది. మలుపుల్లో సుడులు లేస్తాయి. అందుకే పుష్కరాల రేవులో నిలబడి "ప్రశాంతంగానే ఉందే" అనుకుని పాపికొండలకి టికెట్టు కొనకూడదు.

2014 జూన్ 8 గుర్తుందిగా? మన హైదరాబాద్ ఇంజినీరింగ్ పిల్లలు హిమాచల్‌లో బియాస్ నది మధ్య బండల మీద ఫొటోలు తీసుకుంటుంటే ఎగువన లార్జీ ప్రాజెక్టు నుంచి నీళ్లొదిలారు. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. నీళ్లు తక్కువగా ఉండి బండలు బయటపడ్డాయంటే, అక్కడ నది నిద్రపోతోందని కాదు, ఎగువన ఎవరో గేటు మూశారని. ఆ గేటు ఎప్పుడెత్తుతారో తెలియకుండా నది మధ్యకి పిల్లల్ని పంపకూడదు. సాగర్ దిగువన, శ్రీశైలం దిగువన, మన ధవళేశ్వరం దిగువన కూడా ఇదే మాట.

రేవుకి వచ్చాక నీ కళ్లతో చూడాల్సినవి కొన్నున్నాయి. నీటి అంచు పైన మెట్లు తడిగా, కొత్త ఒండ్రు అంటుకుని ఉంటే నీరు తీస్తోంది. అంచు దాకా పొడిగా ఉండి, నురగా చెత్తా మెట్లకి కొట్టుకుంటుంటే పెరుగుతోంది. అనుమానమొస్తే అంచున ఒక పుల్ల గుచ్చి అరగంట టీ తాగిరా, అదే చెబుతుంది. ఎర్రనీరు, నడిమధ్య దుంగలు, గుర్రపుడెక్క తేలిపోతుంటే పిల్లల కాళ్లు కూడా తడపనివ్వకు. నేను పెట్టుకున్న లెక్క ఒకటుంది: ఒక ఆకు వేస్తా, గట్టున నడుస్తూ దాన్ని అందుకోలేకపోతే ఆ రోజు దిగను. అన్నిటికన్నా ముఖ్యం, వల వేసే వాళ్లని అడుగు. పర్యాటకుల దగ్గర డబ్బు తీసుకునే వాడి మాట వేరు, రోజూ ఆ నీళ్లలో బతికేవాడి మాట వేరు.

ఎండాకాలం మాత్రం భద్రమా అంటే అదీ కాదు. మోకాలి లోతులో నడుస్తూ నడుస్తూ ఇసుక తవ్విన గోతిలో పడిపోతారు. పైకి నీళ్లన్నీ ఒకే మట్టంలో కనిపిస్తాయి, గొయ్యి కనిపించదు. ఊరి చెరువుల్లో మట్టి తోలిన గోతులూ అంతే, ఏటా వేసవి సెలవుల్లో పిల్లలు పోతూనే ఉన్నారు. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. గొలుసులు కట్టిన రేవు తప్ప ఇంకెక్కడా దింపొద్దు, ఈత వచ్చినా సరే. సాగర్ లాంటి పెద్ద జలాశయాల్లో భయం గాలితో. పొద్దున అద్దంలా ఉన్న నీరు మధ్యాహ్నానికి అలలెత్తుతుంది, లాంచీ పొద్దున్నే ఎక్కాలి.

అంతర్వేది, దిండి వైపు వెళ్దామన్నావు కదా, అక్కడ ఇంకో లెక్క. సముద్రపు పోటూ పాటూ నదిలోకి వస్తాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మరీ ఎక్కువ. పాటు మీద ఉన్నప్పుడు నీరు సముద్రం వైపు లాగేస్తుంది. గోదారి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట చూసి రావడమే, దిగడం లేదు.

ఇంతా చెప్పి రావద్దంటానా? డిసెంబర్ రెండో వారంలో రా. అప్పటికి నీరు తేటపడుతుంది, వడి తగ్గుతుంది, కొండల పచ్చదనం పోదు. గండిపోచమ్మ దగ్గర బోటెక్కుదాం, పొద్దున మంచు విడిచాకే. లైఫ్ జాకెట్ పిల్లల సైజువి ఉన్నాయో లేదో ముందే కనుక్కుంటా. పెద్దవాళ్లవి తొడిగితే నీళ్లలో పడగానే తల మీంచి జారిపోతాయి. బోటులో ఫొటోల కోసం అందరూ ఒకే వైపుకి ఎగబడితే నేను అరుస్తా, అప్పుడు నువ్వు నన్ను ఆపకు.

చెల్లెమ్మకి చెప్పు, చవితి టికెట్లు రద్దు చేసేయమని. సెలవు ఏ తేదీల్లో దొరుకుతుందో ఈ ఆదివారంలోగా రాయి, బోటు సంగతి నేను మాట్లాడి పెడతా.

ఉంటా మరి.