భద్రాచలం ఆడపిల్లలకు ఐసీఎంఆర్ జవాబు బాకీ ఉంది

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) డైరెక్టర్ జనరల్ గారికి,

నమస్కారం. నేను భద్రాచలం ఏజెన్సీలోని ఆశ్రమ పాఠశాలల్లో పాఠాలు చెప్పి రిటైరైన టీచర్ని. మీరు ఈ పదవిలోకి రాకముందు జరిగిన విషయం గురించి రాస్తున్నాను. మనుషులు మారినా సంస్థ అదే కాబట్టి మీకే రాయాల్సి వస్తోంది.

2009 జూలైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల ఆడపిల్లలకు ఒక పరిశోధనలో భాగంగా హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా అది. పిల్లల వయసు 10 నుంచి 14 ఏళ్లు. అమెరికాకు చెందిన పాత్ (PATH) అనే స్వచ్ఛంద సంస్థ, రాష్ట్ర ప్రభుత్వంతో పాటు మీ మండలి కూడా అందులో భాగస్వామి. సుమారు 14 వేల మందికి వేశారు. వాళ్లలో ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో చదువుకునే ఆదివాసీ పిల్లలు ఎందరో ఉన్నారు. ఇలాంటి ప్రాజెక్టే గుజరాత్‌లోని వడోదరలోనూ నడిచింది. 2010 ఏప్రిల్‌లో రెండింటినీ ఆపేశారు. ఆంధ్రలో ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు పిల్లలు చనిపోయారు.

ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని ప్రభుత్వం వేసిన విచారణ సంఘం చెప్పింది. దాన్ని నేను కాదనడం లేదు. టీకా మంచిదే. పరీక్ష చేయించుకుందామన్నా దగ్గర్లో ఆస్పత్రి లేని మా ఏజెన్సీ ఆడవాళ్లకు అది ఇంకా ఎక్కువ అవసరం. నా బాధంతా ఆ పిల్లల్ని చేర్చుకున్న పద్ధతి గురించే.

2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక మీ దగ్గర ఉండే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకం పెట్టారు. ఐసీఎంఆర్ పాత్రనూ ఆ సంఘం గట్టిగా తప్పుపట్టింది.

మా దగ్గర వేలిముద్ర ఎలా పడుతుందో చెబుతాను. అడ్మిషన్ల రోజున తెల్లవారుజామున బయల్దేరిన తల్లిదండ్రులు పిల్లను తీసుకుని బడికి వస్తారు. స్టాంప్ ప్యాడ్ మీద బొటనవేలు అద్ది, మేం చూపించిన చోటల్లా వేస్తారు. వేలికంటిన సిరా తలకు రాసుకుని, పిల్లకు జాగ్రత్తలు చెప్పి వెళ్లిపోతారు. అందులో ఏం రాసుందని అడిగేవాళ్లు అరుదు. టీచరమ్మ చెప్పింది కదా, మంచే అయ్యుంటుందని నమ్ముతారు. అంతటి నమ్మకం ఉన్నచోట విప్పి చెప్పాల్సిన బాధ్యత రెట్టింపు అవుతుంది.

ఇక వార్డెన్ సంతకం. రాత్రిపూట పిల్లకు జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్లే బాధ్యత వార్డెన్‌దే. పరిశోధనలో చేర్చే హక్కు ఎవరిచ్చారు? ఆ పిల్లలకు అమ్మానాన్నలున్నారు. ఊరు ఎంత దూరమైనా కబురు పెడితే వచ్చేవాళ్లు.

అదే 2013లో కెనడాలోనూ ఒక పాత సంగతి బయటపడింది. 1942 నుంచి 1952 దాకా అక్కడి ఆదివాసుల మీద, వాళ్ల పిల్లల్ని బలవంతంగా ఉంచిన రెసిడెన్షియల్ స్కూళ్లలో, ప్రభుత్వమే పోషకాహార ప్రయోగాలు చేయించిందని ఇయాన్ మాస్‌బీ అనే చరిత్రకారుడు రాశారు. ఒక బడిలో పిల్లలకు ఇవ్వాల్సిన పాలలో సగం కూడా ఇవ్వకుండా రెండేళ్లు ఉంచారట. చదువుతుంటే మా హాస్టళ్ల భోజనాల వరసే కళ్లముందు కదిలింది. ఆ స్కూళ్లపై వేసిన సత్య, సయోధ్య కమిషన్ 2015లో 94 సూచనలు చేసింది. మీలాంటి సంస్థే అక్కడా ఉంది, కెనడా ఆరోగ్య పరిశోధన సంస్థ. అది పుట్టింది 2000లో, అంటే ఆ ప్రయోగాలతో దానికి సంబంధమే లేదు. అయినా సయోధ్య తన పని కూడా అని ఒప్పుకుంది. తన వార్షిక బడ్జెట్‌లో కనీసం 4.6 శాతం ఆదివాసీ ఆరోగ్య పరిశోధనకు ఇస్తానని 2016లో మాటిచ్చింది. అక్కడ అన్నీ చక్కబడ్డాయని నేను అనను. కానీ మాట ఇచ్చారు కాబట్టి నిలదీసి అడగడానికి అక్కడివాళ్లకు ఒక ఆధారం ఉంది. 2011 లెక్కల ప్రకారం మన దేశ జనాభాలో ఆదివాసులు 8.6 శాతం. మీ బడ్జెట్‌లో వాళ్ల వంతు ఎంతో మీరూ ప్రకటించండి.

ఇది పాత గొడవ అనుకోవద్దు. ఆదివాసుల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ అనే రక్తజబ్బును నిర్మూలించే మిషన్ 2023 జూలైలో మొదలైంది. 17 రాష్ట్రాల్లో 7 కోట్ల మందికి రక్తపరీక్షలు చేయాలన్నది లక్ష్యం. చాలా అవసరమైన పని, జరగాల్సిందే. కానీ పరీక్ష కోసం తీసిన రక్తం గానీ, ఆ వివరాలు గానీ రేపు ఇంకో పరిశోధనకు వాడితే ఎవరిని అడుగుతారు? కెనడాలోనే నూ-చా-నుల్త్ తెగవాళ్లు 1980ల్లో కీళ్లవాతం మీద పరిశోధన అంటే రక్తం ఇచ్చారు. ఆ నమూనాలు దేశాలు దాటి, వాళ్లకు చెప్పని పరిశోధనలకు వెళ్లాయి. తిరిగి రావడానికి 2004 దాకా పట్టింది.

ఆదివాసీ ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం వచ్చి ఎన్నో ఏళ్లయింది. ఏజెన్సీలో ఇసుక తవ్వాలన్నా ముందుగా గ్రామసభ లేదా పంచాయతీ సిఫార్సు కావాలి. మనుషుల రక్తానికి ఆపాటి అడగడం అక్కర్లేదా? షెడ్యూల్డ్ ప్రాంతంలో మీ నిధులతో జరిగే ప్రతి పరిశోధనకూ ముందు గ్రామసభ, ఆ తర్వాత ఇంటింటి సమ్మతి తప్పనిసరి చేయండి. హాస్టల్ పిల్లల విషయంలో వార్డెన్ సంతకం చెల్లదని రాతపూర్వకంగా చెప్పండి. తీసిన నమూనా మీద ఆ తెగకు హక్కు ఉండాలి. ఫలితం ఏమొచ్చిందో ఊరికి వచ్చి చెప్పాలి.

అన్నిటికంటే ముందు మీరు భద్రాచలం రండి. టీకా వేసినప్పటి పిల్లలు ఇప్పుడు పాతికేళ్లు దాటినవాళ్లు, చాలామంది తల్లులై ఉంటారు. వాళ్లను, వాళ్ల అమ్మానాన్నలను పిలిచి, అప్పుడు ఏం జరిగిందో, సంస్థ ఎక్కడ తప్పు చేసిందో కోయ భాషలో నోటితో చెప్పించి క్షమాపణ అడగండి. వాళ్లు అడిగే ప్రశ్నలకు అక్కడే జవాబివ్వండి. ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆవరణలో వద్దు, ఏదైనా గూడెంలో పెట్టండి. తేదీ చెబితే ఊరూరా కబురు చేసే పని నాది.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
భద్రాచలం