పన్నెండు నెలల్లో పైలట్: ప్రకటనల్లో కనిపించని నాలుగు అంకెలు

సంపాదకుడికి,

అయ్యా,

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ బస్టాండ్ల చుట్టూ ‘పన్నెండు నెలల్లో కమర్షియల్ పైలట్’ ఫ్లెక్సీలు వెలుస్తాయి. మీ జిల్లా పేజీల్లోనూ అలాంటి ప్రకటనలు వస్తున్నాయి. వాటిలో విమానం బొమ్మ, ఫీజు రాయితీ, ఫోన్ నంబరు అన్నీ ఉంటాయి. ఆ స్కూల్లో ఇవాళ ఎగరగలిగే విమానాలు ఎన్ని, వాటి కోసం కాచుకుని కూర్చున్న పిల్లలు ఎందరు అన్నది మాత్రం ఉండదు. చదువు ఏడాదిలో తేలుతుందా, మూడేళ్లు సాగుతుందా అన్నది ఆ లెక్క మీదే ఆధారపడి ఉంటుంది.

లెక్క పెద్ద కష్టమేమీ కాదు. కమర్షియల్ లైసెన్సుకు, పౌర విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం 200 గంటలు ఎగరాలి. ముప్పై మంది విద్యార్థులుంటే 6,000 గంటలు. స్కూలు బ్రోషర్లో ఐదు విమానాలున్నాయి అనుకుందాం. వాటిలో రెండు షెడ్డులో ఉంటే మిగిలేవి మూడు. ఒక్కోటి రోజుకు నాలుగు గంటల చొప్పున నెలకు 25 రోజులు తిరిగితే మొత్తం 300 గంటలు. ఆ బ్యాచ్ గట్టెక్కడానికి 20 నెలలు పడుతుంది. అది కూడా వాన పడకుండా, ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం మారకుండా, మధ్యలో ఇంకో బ్యాచ్‌ను చేర్చుకోకుండా ఉంటేనే. ఇంకో పదిహేను మందిని చేర్చుకుంటే లెక్క 30 నెలలకు పోతుంది. ప్రకటన మాత్రం పన్నెండు దగ్గరే ఆగి ఉంటుంది.

విమానాలు షెడ్డులో ఉండటం తప్పు కాదు. ప్రతి 50 గంటలకు, 100 గంటలకు తనిఖీ చేయాల్సిందే. సెస్నా 172 లాంటి చిన్న శిక్షణ విమానాల లైకమింగ్ ఇంజిన్‌కు దాదాపు 2,000 గంటల దగ్గర ఓవర్‌హాల్, అంటే పూర్తిగా విప్పి బాగుచేసే పని, వస్తుంది. విడిభాగాలు చాలావరకు విదేశాల నుంచి రావాలి. మెయింటెనెన్సు చేసే ఇంజినీర్లు సొంతవాళ్లా, బయటి నుంచి పిలిపించాలా, స్పేర్ ఇంజిన్ ఉందా అన్నవి అడిగితే చాలా సంగతి బయటపడుతుంది. ఇంధనం సంగతీ అడగాలి. సెస్నాలకు ఏవ్‌గ్యాస్ అనే విమాన పెట్రోలు కావాలి, అది అన్నిచోట్లా దొరకదు. డైమండ్ డీఏ40 ఎన్‌జీ లాంటివి పెద్ద విమానాలు వాడే జెట్ ఇంధనంతోనే నడుస్తాయి.

ఇక మన ఎండలు. బేగంపేట రన్‌వే సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తున ఉంది. మే నెలలో 42 డిగ్రీలు ఉన్నప్పుడు గాలి ఎంత పలచబడుతుందంటే, విమానానికి అది 5,300 అడుగుల ఎత్తులో ఉన్న రన్‌వేతో సమానం. 110 హార్స్‌పవర్ సెస్నా 152లో ఇద్దరు కూర్చుని, ట్యాంకు నింపుకుని ఆ వేడిలో లేస్తే పరుగు పొడవవుతుంది, పైకెక్కడం మందగిస్తుంది. అందుకే జాగ్రత్తగల స్కూలు ఎండాకాలంలో మధ్యాహ్నం శిక్షణ విమానాలను ఎగరనివ్వదు, పొద్దున పూటే పని కానిస్తుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బు కిందికి దిగుతుంది, చలికాలం పొద్దున్నే మంచు. కాబట్టి ఏడాది మొత్తం సగటు అడిగితే లాభం లేదు. పోయిన పన్నెండు నెలల్లో నెలనెలా ఎన్ని గంటలు ఎగిరారో కాగితం మీద అడగాలి. జులై గడి ఖాళీగా ఉంటే ఉండనీయండి. ఫిబ్రవరి గడి ఖాళీగా ఉందంటే లోటు విమానాలదో, ఇన్‌స్ట్రక్టర్లదో.

స్కూలు చూడటానికి ఆదివారమో, ‘ఓపెన్ హౌస్’ రోజో పోవద్దు. మామూలు పనిరోజున పొద్దున ఆరున్నరకు పోవాలి. ఆపరేషన్స్ గదిలో గోడకు తెల్లబోర్డు ఉంటుంది. ఎడమ పక్క వీటీ అక్షరాలతో మొదలయ్యే విమానాల నంబర్లు, ఎదురుగా విద్యార్థి, ఇన్‌స్ట్రక్టర్ పేర్లు, టైము. కొన్ని నంబర్ల ఎదుట ‘యూ/ఎస్’ అని ఉంటుంది, అంటే ఎగరడానికి పనికిరాని స్థితి. అవి ఎన్నో లెక్కపెట్టుకుని హ్యాంగర్లోకి పోవాలి. మూలన నిలిపిన విమానం టైరులో గాలి దిగిపోయి, అద్దం మీద వేలితో పేరు రాసేంత దుమ్ము ఉంటే, అది నిన్నటి నుంచి ఆగింది కాదు. విమానం ఎగరడానికి యోగ్యమని చెప్పే ఎయిర్‌వర్దినెస్ రివ్యూ సర్టిఫికెట్ గడువు చూపించమంటే కోపం చేసుకునే స్కూలుకు పైసలు కట్టకపోవడమే మంచిది. బయట చెట్టు కింద కూర్చున్న విద్యార్థులతో కూడా మాట్లాడాలి. వాళ్లను ఒకటే అడగండి: పోయిన నెల లాగ్‌బుక్కులో, అంటే ఎగిరిన గంటలు రాసుకునే పుస్తకంలో, ఎన్ని గంటలు పడ్డాయి? ఎనిమిది నెలల్లో 200 గంటలు కావాలంటే నెలకు 25 గంటలు పడాలి. ఆరో, ఏడో అని చెప్తే మిగతా లెక్క మీరే వేసుకోవచ్చు.

200 గంటలు ఎట్లా గడిపినా సరిపోవు. అందులో 100 గంటలు పైలట్-ఇన్-కమాండ్‌గా (విమానం బాధ్యత మొత్తం తనదిగా), 20 గంటలు క్రాస్‌కంట్రీగా (ఒక చోటి నుంచి దూరంలోని మరో చోటికి) ఉండాలి. ఆ క్రాస్‌కంట్రీలో ఒకటి కనీసం 300 నాటికల్ మైళ్లు ఉండి, మధ్యలో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో పూర్తిగా దిగి ఆగాలి. పరికరాల ఆధారంగా 10 గంటలు, రాత్రిపూట 5 గంటలు. ఆ రాత్రి గంటల్లో పది టేకాఫ్‌లు, పది ల్యాండింగ్‌లు ఉండాలి. చిన్న ఎయిర్‌స్ట్రిప్పులో రన్‌వే దీపాలు లేకపోతే రాత్రి గంటల కోసం వేరే ఊరికి పోవాలి. ఆ ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోవాలి. దరఖాస్తుకు ముందు ఆరు నెలల్లో కనీసం 15 గంటలు కమాండ్‌గా ఎగిరి ఉండాలన్న నిబంధన ఇంకొకటి ఉంది. విదేశాల్లో గంటలు పూర్తిచేసి వచ్చి, విదేశీ లైసెన్సును ఇక్కడి లైసెన్సుగా మార్చుకునే కన్వర్షన్ పరీక్షలు ఆలస్యమైనవాళ్లు దీని దగ్గరే ఇరుక్కుని, మళ్లీ డబ్బు కట్టి ఎగరాల్సి వస్తోంది.

నిజంగా తొందరగా పూర్తి కావాలంటే తొందరపడాల్సింది నేల మీదనే. ముందు క్లాస్ 2 మెడికల్ అనే ఆరోగ్య పరీక్ష, ఆ తర్వాత క్లాస్ 1. రంగుల గుర్తింపులో లోపం ఉంటే అక్కడే ఆగిపోతుంది. అది లక్షలు కట్టాక తెలియడం కంటే ముందే తెలియడం నయం. డీజీసీఏ పరీక్షలు రాయడానికి కావాల్సిన కంప్యూటర్ నంబరుకు దరఖాస్తు పెట్టేటప్పుడు మనవాళ్లకు ఒక తిరకాసు ఎదురవుతుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటుంది. పేర్లన్నీ ఒకేలా చేయించుకున్నాకే దరఖాస్తు పెట్టాలి. నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లలో 70 శాతం రావాలి. రేడియో లైసెన్సు పరీక్ష ఇదివరకు టెలికాం శాఖది, 2025 జనవరి 1న కొత్త విమానయాన చట్టం వచ్చాక అదీ డీజీసీఏ కిందికి వచ్చింది. ఈ పేపర్లు అయిపోయినవాళ్లే స్కూల్లో వరుసగా ఎగరగలుగుతారు. పేపర్లు మిగిలి ఉంటే ఒక కన్ను పుస్తకం మీద, ఒక కన్ను తెల్లబోర్డు మీద ఉండి రెండూ నడవవు.

డబ్బు దగ్గరే మన జిల్లాలవాళ్లు ఎక్కువ నష్టపోతున్నారు. ఏడున్నర లక్షలు దాటిన చదువు రుణానికి బ్యాంకులు సాధారణంగా తాకట్టు అడుగుతాయి. బాకీ కట్టకపోతే తాకట్టు ఆస్తిని కోర్టుకు పోకుండానే బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు గనుక పట్టా పాసుబుక్కు చూపిస్తే వెనకాడతాయి, ఇల్లో ప్లాటో కావాలంటాయి. దేవరకొండలోనో, అచ్చంపేటలోనో భూమి తప్ప వేరే ఆస్తి లేని రైతు చివరికి ఎకరాలు అమ్ముకుంటాడు. అమ్మిన డబ్బు చేతిలో ఉంది కదా, ‘ఒకేసారి కడితే రాయితీ’ అనగానే మొత్తం కట్టేస్తాడు. ఆ పని ఎప్పుడూ చేయొద్దు. 25 గంటలకో, 30 గంటలకో ఒక విడత చొప్పున, ఎగిరాక కట్టేలా ఒప్పందం ఉండాలి. 200 దాటిన ప్రతి గంటకు రేటెంత, విమానం నెల రోజులు ఆగితే హాస్టల్ ఖర్చు ఎవరిది, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు అన్నవి సంతకానికి ముందే రాసి ఉండాలి. రద్దీ విమానాశ్రయంలో రన్‌వే పక్కన ఆగి ఎదురుచూసిన పదిహేను నిమిషాలు కూడా గంటల్లోకీ బిల్లులోకీ ఎక్కుతాయని తెలిసి ఉండాలి.

జీఎస్టీ సంగతి చాలామందికి తెలియదు. 2024 సెప్టెంబర్లో జరిగిన 54వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశం తర్వాత, డీజీసీఏ గుర్తింపు ఉన్న స్కూళ్లు నడిపే ఆమోదిత ఫ్లయింగ్ కోర్సులకు ఈ పన్ను లేదని కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది. 45 లక్షల ఫీజు మీద 18 శాతమంటే 8 లక్షల 10 వేలు. ఇంకా ఎవరైనా కొటేషన్లో ఆ పన్ను కలిపితే సర్క్యులర్ చూపించి అడగండి.

డీజీసీఏ 2025 అక్టోబర్ నుంచి స్కూళ్లకు ర్యాంకులు ఇస్తోంది, ఏటా రెండుసార్లు. ఏ++, ఏ+, ఏ, బీ అని శ్రేణులు. మొదటి జాబితాలో పై రెండు శ్రేణుల్లో ఒక్క స్కూలూ లేదు. ‘దేశంలోనే నంబర్ వన్’ అని రాసుకునేవాళ్లను ఆ జాబితాతో పోల్చి చూస్తే చాలు. భద్రత విషయంలో మాత్రం ర్యాంకు ఒక్కటే సరిపోదు. 2022 ఫిబ్రవరి 26న పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర శిక్షణ విమానం కూలి ఒంటరిగా ఎగురుతున్న ట్రైనీ పైలట్ చనిపోయిన సంగతి మన జిల్లావాళ్లు మరిచిపోలేదు. ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ నివేదికలు అందరూ చదువుకునేలా ఉంటాయి. స్కూలు పేరుతో వెతికి చదివాకే, సోలోకు, అంటే ఒంటరిగా ఎగరడానికి, అనుమతి ఎవరిస్తారు, ఆరోజు గాలి, మబ్బు ఎంతవరకు ఉంటే పంపరు అని చీఫ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌ను అడగాలి.

లైసెన్సు రాగానే కొలువు రాదు. ఎయిర్‌లైన్లో చేరాలంటే ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానంపై టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడిపే ప్రత్యేక అర్హత, కావాలి, దానికి మరో పదిహేను నుంచి పాతిక లక్షలు వేరుగా పెట్టుకోవాలి. ఏజెంట్ చెప్పే ‘మొత్తం ఖర్చు’లో ఇది చాలాసార్లు ఉండదు.

మహబూబ్‌నగర్ జిల్లా గుడిబండ దగ్గర విమానాశ్రయ ప్రతిపాదన ఏళ్లుగా కాగితాల మీద ఉంది. అది వచ్చినప్పుడు వస్తుంది. ఈలోగా చేయగలిగింది ఒకటుంది. మన జిల్లాల్లో పైలట్ శిక్షణ పేరుతో విద్యార్థులను చేర్పించే ప్రతి కన్సల్టెన్సీ తలుపు మీద నాలుగు అంకెలు రాయించాలి: ఎగరగలిగే విమానాలు, చేరి ఉన్న విద్యార్థులు, పోయిన నెల ఎగిరిన గంటలు, కిందటి బ్యాచ్‌కు చేరిన నాటి నుంచి లైసెన్సు దాకా పట్టిన సగటు నెలలు. ఇది చేయించడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కలెక్టర్లు పూనుకుంటే చాలు. మీ పత్రిక కూడా ఆ నాలుగు అంకెలు లేని ప్రకటనను అచ్చు వేయకుండా ఉండాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక గ్రౌండ్ ఇన్‌స్ట్రక్టర్,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా