హెచ్చరికల వరుసలో ట్రాన్స్ పాత్ర ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో గేమ్‌లు టెస్ట్ చేసే ఉద్యోగం నాది. పెద్దలకు మాత్రమే అని అమ్మే ఒక విదేశీ గేమ్ పేజీలో ఈ మధ్య ఒక హెచ్చరిక చూశాను. 'రక్తపాతం, బలవంతపు లైంగిక చర్య, మాదకద్రవ్యాలు, ట్రాన్స్‌జెండర్ పాత్ర' అని నాలుగూ ఒకే వరుసలో రాసి ఉన్నాయి. ఆ పాత్ర బట్టల కొట్టు నడుపుకునే ఆవిడ. కథలో ఎవరి జోలికీ పోదు. అత్యాచారం పక్కన, డ్రగ్స్ పక్కన ఆవిడకేం పని?

అలాగని లేబులే వద్దని నేను అనను. లైంగిక దృశ్యాలున్న గేమ్‌ను డబ్బు పెట్టి కొనేవాళ్లకు అందులో ఏముందో ముందే తెలియాలి. దాచిపెడితే ఇంకా నష్టం. కొన్ని కథల్లో పాత్ర ట్రాన్స్ మహిళ అన్న సంగతిని కావాలనే దాచి, పడకగది సీన్‌లో షాక్‌లా బయటపెడతారు. 'నన్ను మోసం చేసింది' అనే కోపాన్ని ఆడేవాళ్లకు అలా నూరిపోస్తారు. బయట ట్రాన్స్ మహిళల మీద చెయ్యి చేసుకునేవాళ్లు చెప్పుకునే సాకు కూడా ఇదే.

గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో పెద్దల గేమ్‌లకు డెవలపర్ తన మాటల్లోనే వివరణ ఇస్తాడు. గేమ్ ఎలాంటిదో ఒకటి రెండు మాటల్లో చెప్పే ట్యాగ్‌లు మాత్రం ఆడేవాళ్లు కూడా తగిలించవచ్చు. డెవలపర్ మొహమాటపడి ఏదీ తేల్చి చెప్పకపోతే, బూతు వీడియోల సైట్లలో వాడే తిట్లే ఆ పాత్రకు పేర్లయి కూర్చుంటాయి. వాటిని ఇక్కడ రాయడం నాకు ఇష్టం లేదు.

కాబట్టి రెండు విషయాలనూ విడదీయాలి. బలవంతం, కొట్టడం, ట్రాన్స్ అయినందుకు ఎగతాళి చేయడం, వదిలేసిన పాత పేరుతో పిలవడం లాంటివి ఉంటే హెచ్చరికలో రాయండి. పాత్ర ఎవరన్నది పాత్రల పరిచయంలో చెప్పండి. 'ఈమె ట్రాన్స్ మహిళ. ఈమెతో ప్రేమకథ నడపవచ్చు. లైంగిక సన్నివేశాలున్నాయి, వద్దనుకుంటే దాటేయవచ్చు' అంటే సరిపోతుంది. 2020లో ఫ్రాన్స్‌కు చెందిన డోంట్‌నాడ్ స్టూడియో 'టెల్ మీ వై' విడుదల చేసింది. అది శృంగార గేమ్ కాదు, కానీ కథానాయకుల్లో ఒకరైన టైలర్ ట్రాన్స్ పురుషుడు. అతని పాత పేరు గేమ్‌లో ఎక్కడా వినిపించదని ఆ గేమ్ తయారుచేసినవాళ్లు ముందే ప్రశ్నోత్తరాల రూపంలో చెప్పారు. కథలో కొంత ముందే తెలిసిపోయినా ఫరవాలేదనుకున్నారు. నాకైతే అది ఆటగాళ్ల మీద ఉన్న గౌరవంగా కనిపించింది.

2025 జులైలో చెల్లింపుల కంపెనీల ఒత్తిడి వల్ల చిన్న డెవలపర్లు తమ గేమ్‌లు పెట్టుకునే ఇచ్.ఐఓ సైట్ పెద్దల గేమ్‌లన్నిటినీ వెతుకులాటలో కనిపించకుండా చేసింది. అత్యాచారాన్ని ఆటగా మార్చిన ఒక గేమ్ మీద మొదలైన గొడవలో ట్రాన్స్ రచయితలు ఓపికగా రాసుకున్న కథలు కూడా కనుమరుగయ్యాయి. వాటిని విడిగా గుర్తించే తీరిక ఎవరికీ లేకపోయింది.

హిజ్రాల ఉనికినే అనుమానితుల జాబితాలోకి ఎక్కించే చట్టం మన ఊళ్లోనూ ఉండేది. నిజాం కాలంలో, 1919లో వచ్చిన ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో గానీ కొట్టేయలేదు. ఓటీటీలకు వర్తించే 2021 ఐటీ నిబంధనల్లో వయసు వర్గీకరణ చేసేటప్పుడు చూడాల్సిన అంశాల్లో వివక్ష కూడా ఉంది. అంటే అక్కడ లెక్కలోకి వచ్చేది వివక్షే గానీ, దానికి గురయ్యే మనిషి కాదు. గేమ్‌లకూ ఇదే పద్ధతి పాటిస్తే చాలు.

ఇక్కడి స్టూడియోలకు నాదొక విన్నపం. స్టోర్ పేజీలో పెట్టే రాతను ఖరారు చేసేముందు ట్రాన్స్ వ్యక్తులకు చూపించి, వాళ్లు చెప్పిన మార్పులు చేయండి. ఆ పనికి డబ్బు కూడా ఇవ్వండి. టెస్టింగ్‌కు మాకు ఇస్తున్నారు కదా.

ఇట్లు,
ఒక గేమ్ టెస్టర్,
కొండాపూర్, హైదరాబాద్