మేము వెనక్కి తీసుకుంటున్న మ్యాట్ల గురించి

ఇంట్లో యోగా సాధన చేసుకునేవారి కోసం మేము అమ్ముతున్న సహజ రబ్బరు మ్యాట్లలో ఈమధ్య వచ్చిన లాట్ నాసిరకంది. అందులోని ప్రతి మ్యాటునూ వెనక్కి తీసుకుంటున్నాము. ఇంతటితో ఊరుకోవచ్చు గానీ, మొదటి ఫిర్యాదుకు నేనిచ్చిన జవాబు చదివినవారికి ఇంకొంత చెప్పవలసి ఉంది.

అధోముఖ శ్వానాసనంలో, అంటే అరచేతులు, పాదాలు నేలకు ఆనించి నడుము పైకెత్తే భంగిమలో, అరచేతులు ముందుకు జారిపోతున్నాయని ఒక పాత కొనుగోలుదారు రాసినప్పుడు, కొత్త మ్యాట్ కొన్నాళ్ళు అలాగే ఉంటుందని, తడిగుడ్డతో తుడిచి వాడమని కాస్త దురుసుగానే బదులిచ్చాను. ఎనిమిదేళ్ళుగా అమ్ముతున్న వస్తువును తప్పుపడితే మనసు ముందు వాదనకే దిగుతుంది. ఆ వారంలోనే మరో ముగ్గురు అదే మాట రాశారు. అప్పుడు ఒక మ్యాట్ తెచ్చి, వేకువన, వీధిలో హారన్లు మొదలుకాకముందే, నేను రోజూ కూర్చునే మూలలో పరిచాను. నాలుగో సూర్యనమస్కారానికి అరచేతులకు చెమట పట్టింది, చేతులు జారాయి. ఆ తరువాత శ్వాస మీద ధ్యాస నిలవలేదు. మళ్ళీ ఎక్కడ జారుతానోనని వేళ్ళు, భుజాలు, చివరికి దవడలు కూడా బిగుసుకుపోయాయి. నగరపు రొదలో ఒక అరగంట నెమ్మది కోసం మీరు కొనుక్కున్నదే ఆ నెమ్మదిని పాడుచేస్తున్నదన్నమాట. ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలన్న పతంజలి సూత్రాన్ని మా ప్రతి పెట్టె మీదా అచ్చువేయించినవాణ్ణి కూడా నేనే.

తూకం వేస్తే, 2.5 కిలోలుండవలసిన మ్యాట్ 1.6 కిలోలే తూగింది. అంచు కోసి చూస్తే లోపల చౌకరకం నురుగు కనిపించింది. మూసుకున్న బుడగల నురుగు చెమటను పీల్చదు కాబట్టి తడి అంతా పైనే నిలుస్తుంది. సరఫరాదారును నిలదీస్తే, కొనేవాళ్ళకు తేడా తెలియదని సమాధానమిచ్చారు. తేడా కనిపెట్టినవారు మీరే, తెలియనిది నాకేనన్న సంగతి ఆయనకు చెప్పలేకపోయాను.

బదులుగా ఆయన 12 మిల్లీమీటర్ల మెత్తని మ్యాట్లు పంపుతామన్నారు. మోకాళ్ళ నొప్పులున్నవారు మీలో చాలామంది అలాంటివే అడుగుతున్నారు, ఒప్పుకుంటే నా నష్టమూ పూడేది. మూడు రాత్రులు నిద్రపట్టలేదు. ఒప్పుకోలేదు. మెత్తటిదాంట్లో అరచేతి మొదలు దిగబడి మణికట్టు ఇంకా వంగుతుంది. వృక్షాసనంలో ఒంటికాలి మీద నిలబడితే చీలమండ ఊగిసలాడుతుంది. మోకాలి కింద మడత దుప్పటి వేసుకుంటే చాలు. ఇది నా మొండితనమని ఇంట్లోవాళ్ళే అంటున్నారు, అననివ్వండి.

మీ మ్యాట్ ఏ స్థితిలో ఉన్నా పంపండి, రసీదు అక్కరలేదు, పూర్తి డబ్బు తిరిగి ఇస్తాము. అప్పటివరకూ సాధన ఆపవద్దు. నిలబడి చేసే ఆసనాలకు జారని నేల మీద ఉత్త పాదాలే మేలు. కూర్చోవడానికి మడత దుప్పటి సరిపోతుంది. భగవద్గీత ఆరో అధ్యాయంలో చెప్పిన ఆసనం కూడా మరీ ఎత్తుగాని, మరీ పల్లముగాని కాకుండా దర్భలు, జింక చర్మం, వస్త్రంతో అమర్చుకునేదే తప్ప అందులో రబ్బరు ఊసు లేదు. అమ్మేవాడు చెప్పవలసిన మాట కాదేమో గానీ, పీల్చేదానికన్నా నిదానంగా, ఎక్కువసేపు ఊపిరి వదిలితే గుండె వేగం తగ్గడానికి ఏ మ్యాటూ అవసరం లేదు.

ఇద్దరు కొత్త తయారీదారుల నమూనాలు వచ్చాయి. ఒక్కొక్కదాని మీద నెల రోజులు నేను చెమటోడ్చిన తరువాతే అమ్మకానికి పెడతాను. మొదట ఫిర్యాదు చేసినవారికి విడిగా క్షమాపణ రాశాను. ఇంకా జవాబు రాలేదు.