ఈ సీజన్ జాజ్ కచేరీలు: మైకులు తక్కువ, సీట్లు తక్కువ

సికింద్రాబాద్‌లోని మన కేఫ్‌లో నెలనెలా జరిగే జాజ్ కచేరీలు నవంబరులో మళ్లీ మొదలవుతున్నాయి. చివరిది అంతర్జాతీయ జాజ్ దినోత్సవం రోజున, ఏప్రిల్ 30న. పోయిన సీజన్‌లో మీ దగ్గర నుంచి ఎక్కువగా విన్న మాటలు మూడు: డ్రమ్స్ మోత ఎక్కువ, బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగ వాద్యం, డబుల్ బేస్) కొందరికి వినపడదు, కాఫీ ఆలస్యం. మూడింటికీ కారణం గది చిన్నది కావడమే. అందుకని గదిని బట్టే అన్నీ మారుస్తున్నాం.

ముందు డ్రమ్స్. డ్రమ్మర్ కర్రలతో గట్టిగా వాయిస్తే పియానో మైకు పెంచాలి, దాంతో బేస్ యాంప్ పెంచాలి, అప్పుడు డ్రమ్మర్ ఇంకా గట్టిగా వాయిస్తారు. మొదటి పాట అయ్యేసరికి ముందు వరసలో కూర్చున్నవాళ్లకి చెవులు హోరెత్తిపోతాయి. ఇకనుంచి 22 అంగుళాల బేస్ డ్రమ్ బదులు 18 అంగుళాలది పెడతాం. నెమ్మది పాటలకి కర్రల బదులు సన్న తీగల బ్రష్‌లే. డ్రమ్స్ కింద దళసరి తివాచీ, వెనక గోడకి అర అడుగు ఎడంగా బరువైన తెర. తెరని గోడకి ఆనిస్తే సింబల్స్ (ఇత్తడి పళ్లేలు) శబ్దాన్నే పీలుస్తుంది, స్నేర్ (కర్రలతో కొట్టే చిన్న డ్రమ్) చప్పుడు గదిలో తిరుగుతూనే ఉంటుంది. ఎడం వదిలితే ఆ చప్పుడు కూడా చాలావరకు తగ్గుతుంది. శాక్సోఫోన్‌కి ఇంత గదిలో మైకు అక్కర్లేదు, తీసేస్తున్నాం. పాడేవాళ్లకి ఒక మైకు, పియానోకి ఒకటి, అంతే.

బేస్ సంగతి వేరు. డబుల్ బేస్‌లో అన్నిటికన్నా మంద్రంగా మోగే తీగ దాదాపు 41 హెర్ట్జ్, ఆ శబ్ద తరంగం పొడవు 8 మీటర్లకి పైనే. చిన్న గదిలో అది గోడల మధ్య తట్టుకుని మూలల్లో గుమ్మనిపిస్తుంది, కొన్ని వరసల్లో పల్చబడిపోతుంది. వాల్యూమ్ పెంచితే మూలనున్నవాళ్లకి ఇంకా గుమ్ముంటుంది తప్ప పల్చటి చోట పెద్దగా లాభం ఉండదు. యాంప్‌ని మూల నుంచి మీటరు ముందుకి జరిపి, నేల అదురు తగలకుండా స్టూలు మీద పెడుతున్నాం. మరీ పల్చగా వినిపించే వరస ఒకటి ఉంది, అక్కడ కుర్చీలు వేయం. వేదిక ముందు ఖాళీ కూడా పెంచుతున్నాం. 60 సీట్లు 48 అయ్యాయి.

"ఏసీ ఇంకొంచెం పెంచండి" అని సెట్ (విరామం లేకుండా వాయించే భాగం) మధ్యలో అడిగితే మాత్రం కుదరదని చెప్పాల్సి వస్తుంది, ఏమీ అనుకోకండి. గది చల్లబడితే శాక్సోఫోన్ శ్రుతి దిగుతుంది. పియానో చెక్క తేమకి ఉబ్బితే శ్రుతి ఎక్కుతుంది, ఏసీ తేమని లాగేస్తే దిగుతుంది. ముందురోజు ట్యూనింగ్ చేయించి, కచేరీ రోజు మధ్యాహ్నం నుంచే ఏసీ 25 డిగ్రీల మీద ఉంచుతాం. మళ్లీ ముట్టుకోం.

కాఫీ గింజలు మర పట్టే మెషిన్ హాల్లోనే ఉంది. బేస్ సోలో నడుస్తుండగా అది తిరిగితే ఆ సోలో పోయినట్టే. కాబట్టి సెట్ నడుస్తున్నంతసేపూ కౌంటర్ బంద్. 6:15కి తలుపులు తీస్తాం, 6:50 లోపు ఆర్డర్ ఇచ్చేయండి. 45 నిమిషాల సెట్లు రెండు, మధ్యలో 25 నిమిషాల విరామం. చుట్టూ ఇళ్లున్నాయి. నివాస ప్రాంతాల్లో రాత్రి పదికి శబ్ద పరిమితి 45 డెసిబెల్స్‌కి దిగుతుంది, అందుకే 7 గంటలకి మొదలవక తప్పదు.

టికెట్ 400 నుంచి 450 అయింది. లెక్క ఇదీ: 40 సీట్లు 450 చొప్పున, విద్యార్థులకి 8 సీట్లు 200 చొప్పున, అన్నీ నిండితే 19,600. నలుగురు కళాకారులకి 14,000, ట్యూనింగ్‌కి 2,500, సౌండ్ చూసే మనిషికి 2,000. మిగిలేది 1,100. కరెంటు, స్వరకర్తల హక్కుల లైసెన్సు కేఫ్ సంపాదనలోంచి వెళ్తాయి. కళాకారుల డబ్బు తగ్గించి టికెట్ ధర నిలబెట్టడం మాకు ఇష్టం లేదు. రాలేకపోతే సీటు ఖాళీగా ఉంచకండి, టికెట్ ఎవరికైనా ఇవ్వండి, పేరు మారుస్తాం.

రెండో సెట్ చివరి 20 నిమిషాలు నేర్చుకునేవాళ్లకి. ఎక్కువగా ఎఫ్ (పాశ్చాత్య స్వరం) ఆధారంగా 12 బార్ల బ్లూస్ వాయిస్తాం, అంటే నాలుగు దెబ్బల బార్లు పన్నెండు కలిసి ఒక ఆవృత్తంగా తిరిగే బాణీ. కర్ణాటక వయొలిన్, వేణువు వాళ్లకి అది నాలుగు శ్రుతి. ఆల్టో శాక్సోఫోన్ వాళ్లు డి, టెనర్ వాళ్లు జి అనుకోవాలి. ఒక్కొక్కరికీ రెండు ఆవృత్తాలు. మృదంగం, డ్రమ్స్ వాళ్లతో వంతులవారీగా నాలుగేసి బార్లు వాయిస్తాం. అంటే 16 దెబ్బలే, తీర్మానం (ముగింపు జతి) వేసినా అందులోనే ముగియాలి. పేరు, వాద్యం విరామంలో కౌంటర్ దగ్గర రాయించండి. వయొలిన్‌కి పికప్ (వాద్యానికి తగిలించే చిన్న మైకు లాంటిది) ఉంటే కేబుల్ మీరే తెచ్చుకోండి.