చిట్టిని హైదరాబాద్ పంపాలా వద్దా

కొండాపూర్, హైదరాబాద్
ఆదివారం

ఒరేయ్ మామా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఖమ్మం మిర్చి యార్డు సంగతి, మీ తమ్ముడి లొల్లి, చెల్లెమ్మ మోకాలి నొప్పి అన్నీ అయ్యాక గానీ అసలు మాట బయటపెట్టలేదు నువ్వు. మీ అమ్మాయి చిట్టికి టెన్త్ అయిపోతోంది, షటిల్ బాగా ఆడుతోంది, ఇక్కడ అకాడమీలో వేసి హాస్టల్లో ఉంచాలా, లేకపోతే అందరిలా ఎంపీసీలో కూర్చోబెట్టాలా అని. ఫోన్లో చెబితే సగంలో అడ్డం పడతావు. అందుకే రాస్తున్నాను. చాయ్ పెట్టుకుని నిదానంగా చదువు.

ముందు ఇక్కడ ఎలా ఉంటుందో చెబుతాను. మా ఆఫీసులో ఒకాయన కూతురు మా ఇంటి దగ్గరే ఒక చిన్న అకాడమీకి వెళ్తుంది. ఆయన ఊళ్లో లేనప్పుడు ఆ పిల్లను దింపే పని నాది. తెల్లారి ఐదున్నరకే ఆ సందు కార్లతో, స్కూటీలతో నిండిపోయి ఉంటుంది. లోపల చూస్తే రేకుల షెడ్డు, నాలుగు కోర్టులు, చెవులు చిల్లులు పడే బూట్ల కీచు. గుమ్మం పక్కన ఒక కుర్రాడు మెషీన్ మీద రాకెట్లకు గట్టింగ్ చేస్తుంటాడు, అంటే తీగలు బిగిస్తుంటాడు, వాడికి తల ఎత్తే తీరిక ఉండదు. ఈక ఊడిన షటిల్స్ పారేయరు, బుట్టలో వేసి చిన్న పిల్లల ప్రాక్టీసుకు ఇస్తారు. ఎందుకంటే ఒక్కో షటిల్‌కు 16 ఈకలు, ఒకటి విరిగితే దాని దారి మారిపోతుంది, పోటీల్లో వాడే రకం డబ్బా ఇప్పుడు రెండు వేలు దాటింది. ఆట అయ్యాక అసలు సినిమా బయట కార్లలో. ఒక తల్లి వెనక సీట్లో కూతురికి జడ వేస్తూ ఇంకో చేత్తో ఇడ్లీ నోట్లో పెడుతుంది. ఆ పిల్ల ఒళ్లో సోషల్ పుస్తకం. ఎనిమిదికల్లా స్కూలు గేటు దగ్గర ఉండాలి మరి.

ఇదంతా చూసి నాకు ముచ్చటేసింది, భయమూ వేసింది. ముచ్చట పిల్లల్ని చూసి, భయం లెక్క వేసుకుని.

మామా, మన హైదరాబాద్‌లో ఆటల చరిత్ర తిరగేస్తే నాకొకటి కనిపిస్తుంది. ప్రతి పతకం వెనకాల ఎక్కడో ఒక నెలజీతం ఉంది. షటిల్ ఆడే సైనా నెహ్వాల్ వాళ్ల నాన్న వ్యవసాయ శాస్త్రవేత్త. హర్యానా నుంచి ఇక్కడికి బదిలీ అయి వచ్చారు. పొద్దున్నే స్కూటర్ మీద ఎల్బీ స్టేడియానికి తీసుకెళ్లడం, ఖర్చులకు పీఎఫ్ డబ్బు తీయడం గురించి వాళ్లే చాలాసార్లు చెప్పారు. 2012 లండన్ ఒలింపిక్స్ కాంస్యం కింద ఆ పీఎఫ్ ఉంది. పీవీ సింధు ఇంట్లో అమ్మానాన్న ఇద్దరూ వాలీబాల్ ఆడినవాళ్లు, రైల్వేలో ఉద్యోగం చేసినవాళ్లు. కూతురు రియో ఒలింపిక్స్‌కు తయారవుతుంటే తండ్రి నెలల తరబడి సెలవు పెట్టి వెంట ఉండగలిగాడు. షాపు మూసేసి నువ్వు అన్ని నెలలు ఇక్కడ ఉండగలవా చెప్పు.

ఇంకా వెనక్కి పోతే జీతం నేరుగా ఆటగాడికే వచ్చేది. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ అనే పెద్ద ఫుట్‌బాల్ టోర్నీ కొట్టింది. బాగా ఆడితే పోలీసు ఉద్యోగం, అంటే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, సాయంత్రం గ్రౌండుకు పోవచ్చు. ఆ జట్టును తయారుచేసిన రహీం సాబ్ బడి పంతులు. ఆయన కోచ్‌గా ఉండగానే మన భారత జట్టు వాళ్లు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా పోయారు, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చారు. పిల్లలకు ఎడమ కాలు సాధన కావాలని, ఎడమ కాలితో మాత్రమే ఆడే పోటీలు పెట్టేవాడట! ఇప్పుడు ఏ సారుకైనా అలాంటి ఆలోచన వచ్చినా పెట్టడానికి చోటేదీ? పాతబస్తీలో బార్కాస్ వైపు వెళ్తే ఇంకా ఫుట్‌బాల్ పిచ్చి కనిపిస్తుంది. మా వైపు మాత్రం స్కూళ్లు కమర్షియల్ బిల్డింగుల్లో ఉంటాయి, కింద మొబైల్ షాపు, పైన నైన్త్ క్లాసు.

మనం ఓయూలో ఉన్న రోజుల్లో కూడా ఎస్‌బీహెచ్ (స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్) జట్టు, ఆంధ్రా బ్యాంక్ జట్టు లీగుల్లో ఆడేవి, గుర్తుందా? బాగా ఆడితే బ్యాంకులో కుర్చీ దొరుకుతుందని మన హాస్టల్లో ఎంతమంది ఆశపడ్డారు! ఎస్‌బీహెచ్ 2017లో ఎస్‌బీఐలో కలిసిపోయింది, ఆంధ్రా బ్యాంక్ 2020లో యూనియన్ బ్యాంకులో కలిసింది. పేపర్లో అది వ్యాపారం పేజీ వార్త. మన హాస్టల్ కుర్రాళ్ల లాంటి వాళ్లకు మాత్రం అది ఇంటి వార్త.

క్రికెటర్ సిరాజ్ సంగతేంటి, ఆటోడ్రైవర్ కొడుకు కదా అంటావు. నిజమే. కానీ అది క్రికెట్. 2017 ఐపీఎల్ వేలంలో సన్‌రైజర్స్ వాళ్లు అతనికి 2.6 కోట్లు పెట్టారు. షటిల్‌లో అలా రాత్రికి రాత్రే తలుపు తెరుచుకోదు. 2024లో సిరాజ్‌కూ, మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్‌కూ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగాలిచ్చింది. చాలా సంతోషం. కానీ అది కొండ ఎక్కాక ఇచ్చేది, ఎక్కేటప్పుడు కాదు. రహీం సాబ్ కాలంలో ఎక్కేటప్పుడే ఇచ్చేవాళ్లు.

షటిల్ కోచ్ గోపీచంద్ గారి కథ నీకు తెలిసే ఉంటుంది. అన్నదమ్ములిద్దరూ ఆడేవాళ్లు. అన్నకు ఐఐటీలో సీటొచ్చి ఆట ఆగిపోయింది, తాను ఇంజినీరింగ్ ఎంట్రెన్స్ తప్పాడు గనుక ఆటలో మిగిలాడు. ఈ మాట ఆయనే నవ్వుతూ చెబుతుంటారు. 2001లో ఆల్ ఇంగ్లాండ్ షటిల్ టైటిల్ గెలిచారు, ఇల్లు తాకట్టు పెట్టి మరీ గచ్చిబౌలిలో అకాడమీ కట్టారు. అంతటి మనిషి 2025 మొదట్లో ఏమన్నారో విన్నావా? డబ్బున్న ఇల్లో సొంత వ్యాపారమో ఉంటే తప్ప పిల్లల్ని ఆటల్లో వేయొద్దని తల్లిదండ్రులకు చెబుతున్నాను అన్నారు. చాలామందికి కోపం వచ్చింది. నాకు రాలేదు. ఒకసారి ఆ కార్ల వరుస చూసినవాడికి రాదు.

'సొంత వ్యాపారం నాకుంది కదా' అని నువ్వు వెంటనే అంటావని తెలుసు. నీది తేజ మిర్చి రేటును నమ్ముకున్న ఎరువుల షాపురా. రేటు పడితే రైతు బాకీ కట్టడు, రైతు కట్టకపోతే నీ చేతిలో రూపాయి ఆడదు. అకాడమీ ఫీజు, హాస్టల్ ఫీజు మాత్రం ప్రతి నెలా ఒకటో తారీఖున ఠంచనుగా వచ్చి నిలబడతాయి.

అట్లాగని ఆ రెండో దారి పొగడాలని నాకు లేదు. మా వీధి చివర ఒక కార్పొరేట్ కాలేజీ ఉంది. పొద్దున ఆరింటికి స్టడీ అవర్‌తో మొదలు, రాత్రి లైట్లు ఆర్పేదాకా అదే. వారానికో టెస్టు, మార్కులు గోడ మీద, ఆ సాయంత్రమే నాన్న ఫోన్‌కు మెసేజ్. 2024లో ఎంసెట్ పేరు ఎప్‌సెట్ అయింది, టెన్షన్ మాత్రం పాతదే. ఆడే పిల్లను అక్కడ వేస్తే నెల తిరక్కుండా రాకెట్ అటకెక్కుతుంది. మన వాళ్లకు అదొక పద్ధతైపోయింది: టెన్త్ దాకా ఆడు, ఇంటర్‌లో మానెయ్, ఉద్యోగం వచ్చాక డబ్బు కట్టి ఆడుకో.

ఆ చివరి ముక్క ఎకసెక్కం కాదు. రాత్రి పదింటికి మా వైపు రా, చూపిస్తాను. ఖాళీ ప్లాటు కనబడితే చాలు, నాలుగువైపులా వల కట్టి, ప్లాస్టిక్ గడ్డి పరిచి, లైట్లు పెట్టి గంటకింత అని బాక్స్ క్రికెట్‌కు ఇస్తున్నారు. వచ్చేదంతా సాఫ్ట్‌వేర్ వాళ్లే. పదహారేళ్లకు బ్యాటు పక్కన పెట్టి పుస్తకం పట్టినవాళ్లు ఇప్పుడు పొట్ట పట్టుకుని పరిగెడుతున్నారు. ఓడినవాళ్లు బిర్యానీ పెట్టాలి. నేనూ పోతాను, తిట్టకు. పక్కనే వాచ్‌మన్ కొడుకు వల అవతల నిలబడి, బయటికి పడ్డ బంతులు అందిస్తుంటాడు. వాడి చేతి విసురు మాలో ఎవరికీ లేదు. ఒకరోజు లోపలికి పిలిచి ఓవర్ వేయించాం. టర్ఫ్ మేనేజర్ వచ్చి, తలకింత లెక్క సార్, మనిషి ఎక్కువైతే ఎక్స్‌ట్రా అన్నాడు. ఇచ్చాంలే.

సరే, నా మాట. చిట్టిని ఇప్పుడు హాస్టల్లో వేయకు. ఆట మాన్పించకు కూడా. ఖమ్మంలోనే సాయంత్రం నాలుగింటికి వదిలే ఇంటర్ కాలేజీ చూడు. మంచి పేరున్నదే కావాలని పట్టుబట్టకు, ర్యాంకు కొంచెం అటూఇటూ అయితే ప్రపంచం మునగదు. సర్దార్ పటేల్ స్టేడియంలో ఇప్పుడున్న సారు దగ్గరే ఆడనీ. ఎండాకాలం సెలవుల్లో మా ఇంట్లో ఉంటుంది, ఇక్కడి క్యాంపులో చేరుస్తాను, ఫీజు సంగతి మనం మనం చూసుకుందాం. ఇక్కడి పిల్లలతో ఆడితే తాను ఎక్కడుందో తనకే తెలుస్తుంది. అప్పుడు హాస్టల్ కావాలని తనే అడిగితే వేరే లెక్క. అసలు ఇంతసేపూ మనిద్దరమే మాట్లాడుకుంటున్నాం, దాన్ని అడిగావా? అడగలేదని నాకు గట్టి అనుమానం.

మీ అన్నయ్య 'ఆడపిల్లకు ఆటలేంటి, పెళ్లి చేయాలి' అన్నాడని చెప్పావు. దానికి జవాబు రాసి కాగితం పాడు చేయను. ఆయన వచ్చినప్పుడు చిట్టితో ఒక గేమ్ ఆడమను, చాలు.

వచ్చే శనివారం ముగ్గురూ బయల్దేరండి. సికింద్రాబాద్‌లో దిగి రాయదుర్గం మెట్రో ఎక్కితే హైటెక్ సిటీ స్టేషన్ దగ్గర నేనుంటాను, క్యాబ్‌లో పడి ట్రాఫిక్‌లో ఇరుక్కోకండి. ఆదివారం పొద్దున ఐదింటికే లేవాలని చిట్టికి ఇప్పుడే చెప్పు. ఆ అకాడమీ సారుతో మాట్లాడాను, ఒక గంట ఆడనిస్తానన్నాడు. బూట్లు మాత్రం నేల మీద గీతలు పడని నాన్ మార్కింగ్‌వే తెచ్చుకోమను, మామూలు బూట్లతో కోర్టులోకి రానివ్వరు.

నీ
మామ