ఆడబిడ్డ అఖీఖాకు వాయిదాలు ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

అనంతపురం, కడప, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన మా ముస్లిం కుటుంబాలలో, బిడ్డ పుట్టిన 7వ రోజున ఇంట్లోనే జరగవలసిన అఖీఖా (బిడ్డ పుట్టినందుకు కృతజ్ఞతగా మేకనో గొర్రెనో కోసి, పేరు పెట్టే వేడుక), ఫంక్షన్ హాలుకూ వేదిక అలంకరణకూ వందలమందికి వడ్డించే బిర్యానీకీ డబ్బు సమకూరేదాకా నెలల తరబడి వాయిదా పడుతోంది. పుట్టింది ఆడపిల్లయితే కొన్ని ఇళ్లలో ఆ ఊసే మరుగున పడిపోతోంది. ‘తర్వాత కొడుకు పుడితే ఇద్దరికీ కలిపి చేద్దాంలే’ అని పెద్దలే అనడం వింటుంటే నాకు చాలా బాధ కలుగుతోంది.

నిజానికి ధర్మం మననుంచి కోరింది స్వల్పం. బిడ్డ చెవిలో అజాన్ (నమాజుకు పిలుపు) పలకాలి. ఖర్జూరాన్ని మెత్తగా నమిలి రవ్వంత అంగిటికి రాయాలి. దానికి బదులు కొందరు తేనె నాకిస్తున్నారు గానీ, ఏడాది నిండని పసికందులకు తేనె పెట్టకూడదని పిల్లల వైద్యులు గట్టిగా చెబుతారు. 7వ రోజున పేరు పెట్టి, పుట్టు వెంట్రుకలు తీయించి, వాటి ఎత్తు వెండిని పేదలకు దానమివ్వాలి. మనవడు హసన్ పుట్టినప్పుడు ఇలాగే చేయమని ప్రవక్త ముహమ్మద్ (స) తమ కుమార్తె ఫాతిమాకు చెప్పినట్లు హదీసులు (ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనాలు) తెలుపుతున్నాయి. పసికందు వెంట్రుకల బరువెంత? కూలి చేసుకునే తండ్రికి సైతం ఆ వెండి భారం కాదు. మగబిడ్డకు రెండు, ఆడబిడ్డకు ఒకటి చొప్పున మేకనో గొర్రెనో జిబహ్ చేయడం (ధర్మబద్ధంగా కోయడం) స్తోమత ఉన్నవారి మాట. అందుకోసం అప్పు చేయమని ఏ పండితుడూ చెప్పడు. ఇస్లామీ ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటైన హనఫీ పండితులైతే అఖీఖాను అభిలషణీయమనే అన్నారు తప్ప తప్పనిసరి చేయలేదు.

కూతురు పుట్టిందని వినగానే ముఖం నల్లబడి, లోలోపల కుమిలిపోతూ జనానికి కనపడకుండా తిరిగే తండ్రిని ఖురాన్‌లోని అన్ నహ్ల్ సూరా (అధ్యాయం) 58, 59 ఆయతులు (వాక్యాలు) తీవ్రంగా నిందించాయి. ఆ ఆయతులను పారాయణం చేసే ఇళ్లలోనే ఆడబిడ్డ రాకను చప్పుడు లేకుండా దాటవేయడం నేను ఎంతమాత్రం ఒప్పుకోలేను.

7వ రోజునే పేరు పెట్టుకుంటే మరో మేలు కూడా ఉంది. 21 రోజుల లోపు జనన నమోదుకు రుసుము ఉండదు. పేరు తర్వాత చేర్చుకునే వీలున్నా, 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు బడి ప్రవేశం మొదలు పాస్‌పోర్టు దాకా జనన ధ్రువపత్రమే ఆధారం కనుక, ఆ పని మొదటే పూర్తికావడం మంచిది.

బెంగళూరు మసీదులలో బయానులు (ధార్మిక ప్రసంగాలు) ఎక్కువగా ఉర్దూలోనే సాగుతాయి. ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషా (దూదేకుల) ముస్లిం కుటుంబాలకు, మరీ ముఖ్యంగా మసీదుకు రాని తల్లులకు, నాయనమ్మలకు, ఈ సంగతులు సరిగా చేరడం లేదు. ఈ విధులన్నీ తేటతెలుగులో వివరించే ఒక పేజీ కరపత్రాన్ని అచ్చు వేయించి, బిడ్డ పుట్టిన ప్రతి ఇంటికీ అందజేయాలని మసీదు కమిటీలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, శివాజీనగర్, బెంగళూరు